అప్పగింత లేని కొలువు

ఏడవ ప్రకరణం

పొద్దు తూర్పు కొండల మీద బారెడు పైకి లేచేసరికి నీలగోపుర నగరం పురి విప్పిన నెమలిలా మెరుస్తోంది. నిట్టనిలువు కొండకొన మీద కట్టిన ఊరు అది. తొమ్మిది గోపురాలు, తొమ్మిదింటికీ నీలపు పెంకులు, ఆ పెంకుల సందుల్లోంచి సన్నగా పైకి లేచే వెచ్చటి ఆవిరి. ఆ ఆవిరి ఉన్నంతకాలం ఉత్తరాన పొగకోటలో కాచుకుని ఉన్న మాంత్రికుడు ధూమ్రకేశి ఆ ఊరి మీద చెయ్యి వేయలేడు. కొండ కడుపులోని గుహలో కూర్చున్న గుహోదరుడనే రాక్షసుడి ఊపిరే ఆ ఆవిరి. వాణ్ణి అక్కడ కట్టి ఉంచినవి తన తాతగారు పోత పోయించిన ఇనుప గొలుసులని మహారాజు మకుటవర్ధనుడి నమ్మకం. కట్టి ఉంచింది మధ్యాహ్న భోజనమని కుందమాంబకు తెలుసు.

కుందమాంబ రాజుగారి పెద్ద వంటశాలకు అధికారిణి. వయసు యాభైకి రెండు తక్కువ. ఇరవై రెండేళ్లుగా ప్రతి మధ్యాహ్నం భేరి మోగే వేళకు నూట ఎనిమిది మెట్లు ఒంటరిగా దిగి, రాక్షసుడికి వడ్డించి, ప్రాణాలతో పైకి వస్తోంది. రోజూ ప్రాణాలతో వస్తూ ఉండడం వల్ల అదేమంత పెద్ద పని కాదని సభలో అందరికీ ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది.

ఆ ఉదయం ఆమె గంగాళంలో పులుసు కలుపుతూ ఉండగా కొత్త ప్రధాని సూక్ష్మమతి గుమ్మంలోకి వచ్చాడు. వెంట దండోరా వేసేవాడు, ఇద్దరు భటులు, ఒక కొత్త కుండ.

కుండను చూడగానే వంటశాలలో ఆడుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

నీలగోపురంలో మనుషుల్ని కొలువులోంచి తీసేయడానికి ఒక పద్ధతి ఉంది. ఆ మనిషి పేరును కుండలోకి మూడుసార్లు చెప్పి, మూత పెట్టి, లక్కతో అంటించేస్తారు. దాన్ని పేరుమూత అంటారు. ఆ క్షణం నుంచి ఆ పేరు ఎవరూ పలకకూడదు. ఆ మనిషి మాట ఎవరూ వినకూడదు. ఆ మనిషి నేర్పిన పద్ధతిలో ఎవరూ ఏ పనీ చేయకూడదు. తప్పిన వాళ్ల కోసం ఇంకో కుండ వస్తుంది. ముందు మూత, తరువాత కబురు, అదీ వరస. కారణం చెప్పడం ఆచారంలో లేదు. కారణం చెబితే జవాబు వినాల్సి వస్తుంది.

కుందమాంబ గరిటె పక్కన పెట్టి తిరిగి చూసేలోగా లక్క ఆరిపోయింది.

"ఈ అమ్మగారు," అని సూక్ష్మమతి పేరు తప్పించి మొదలుపెట్టాడు, "తమంతట తాము కోరుకుని తీర్థయాత్రలకు బయలుదేరుతున్నారు. వీరి సేవలను ఈ రాజ్యం ఎన్నటికీ మరచిపోదు."

ఆమె భుజాన శాలువా కప్పారు. చేతిలో కొబ్బరికాయ పెట్టారు. శాలువా పొయ్యి దగ్గరి మసిగుడ్డ కంటే ఒక జానెడు పెద్దది.

"అయ్యా, ఇవాళ మధ్యాహ్నం గుహలోకి ఎవరు దిగుతున్నారు?" అని అడిగింది కుందమాంబ.

ప్రధాని ఆమె పక్కనున్న స్తంభాన్ని ఆసక్తిగా చూశాడు. భటులిద్దరూ మొలసంచుల్లోంచి మైనం తీసి చెవుల్లో కుక్కుకున్నారు. పిండి జల్లించే చెంగమ్మ, ఇరవై ఏళ్లుగా స్నేహితురాలు, గోడ వైపు తిరిగి గోడకేసి జల్లించసాగింది. తనకు కొలువు అప్పగించాక వెనకటి అధికారిణిని ఇలాగే పంపించిన రోజున తను ఆవాలు ఏరుతూ తల ఎత్తలేదని కుందమాంబకు గుర్తొచ్చింది. చాలా శ్రద్ధగా ఏరింది ఆ రోజు.

ప్రధాని తాటాకు విప్పి చదివాడు. ఒక మనిషి చేసే పనిని ఇక మీదట ముగ్గురు అధ్యక్షులు చేస్తారు: అన్నాధ్యక్షుడు, వ్యంజనాధ్యక్షుడు, విస్తరాధ్యక్షుడు. "కిందకి దిగి వడ్డించడం మటుకు లవంగి చూసుకుంటుంది. అన్నం పెట్టడానికి శాస్త్రం అక్కర్లేదు కదా," అని చివర ఒక చిరునవ్వు చేర్చాడు.

లవంగి చేతిలో చేట ఆగింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. తల్లి పోయిన ఏడు నుంచి కుందమాంబ దగ్గరే పెరిగి, రుబ్బురోలు దగ్గర్నుంచి తాళింపు దాకా ఆమె చేతి కిందే నేర్చుకుంది. ఒక్కటే నేర్చుకోలేదు. అది నేర్పే రోజు ఇంకా రాలేదు.

ఆ ఒక్కటీ ఇది. రాజుగారి తాత, ధూమ్రకేశి తండ్రిని తరిమికొట్టడానికి గుహోదరుణ్ణి సాయం పిలిచాడు. పని అయ్యాక విందుకు పిలిచి, పాయసంలో విషం కలిపి, మత్తులో గొలుసులు వేయించాడు. రాక్షసుడు చావలేదు, పగ పట్టలేదు, అక్కడే కూర్చుండిపోయాడు. కానీ ఆనాటి నుంచి, వడ్డించే మనిషి తన కళ్ల ముందు అదే విస్తట్లోంచి మొదటి ముద్ద తినకపోతే, అది విషమని నిశ్చయించుకుని ఆ మనిషిని పిడికిట్లో నలిపేస్తాడు. పదకొండు మంది వడ్డించిన తరువాత ఈ సంగతి బోధపడింది. తాత చేసిన పని బయటపడకూడదు గనుక, ఈ రహస్యాన్ని ఒక అధికారిణి తరువాతి అధికారిణికి అప్పగింత రోజున మాత్రమే చెప్పాలని ప్రమాణం చేయించారు. కుందమాంబ ప్రమాణం నిలబెట్టుకుంది. ఏలినవారు అప్పగింత లేకుండానే పంపించేశారు.

ఇంకా మూడు గంటల్లో భేరి మోగుతుంది. ఏమీ తెలియని పిల్ల దిగుతుంది, విస్తరి ముందు పెడుతుంది, మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది.

"లవంగీ, ఇటు చూడు," అంది కుందమాంబ. భటుడొకడు ఆ పాటికే పిల్ల చెవుల్లోనూ మైనం కుక్కేశాడు. పిల్ల తల వంచుకునే ఉంది. మెడ మాత్రం ఎర్రబడింది. మాట పనికిరాదని కుందమాంబ చేత్తో ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టుకుని సైగ చేసింది. మళ్లీ చేసింది.

సూక్ష్మమతి స్తంభంతో అన్నాడు, "పాపం ఆకలి మీదున్నట్టున్నారు. ఎవరైనా ఒక అరటిపళ్ల అత్తం ఇవ్వండి."

ఇచ్చారు.

*

పేరు మూసిన వాళ్లను సింహద్వారం గుండా పంపరు. కొండ వెనక అంచున గిలకకు కట్టిన పెద్ద వెదురుబుట్ట ఉంది, అందులో కూర్చోబెట్టి కిందికి దింపేస్తారు. కింద ముళ్లడవి. అక్కడి నుంచి చుట్టూ తిరిగి మళ్లీ ఊరు చేరాలంటే మూడు రోజుల దారి. చేరినా ప్రయోజనం లేదు, తిరిగొచ్చిన వాళ్లను రెండోసారి బుట్ట లేకుండా దింపుతారు.

బుట్టకు తాడు బిగిస్తున్న ముసలి భటుడు పోలయ చెయ్యి పట్టుకుంది కుందమాంబ. "పోలయా, పిల్లకి ఒక్క ముక్క చెప్పు. విస్తట్లోంచి ముందు తను తినాలని చెప్పు. నువ్వేమీ అనుకోనక్కర్లేదు, ఆ ముక్క చాలు."

పోలయ తన చెవులు చూపించాడు. "వినపడదు తల్లీ. వినపడితే రేపు నా కుండ నేనే మోసుకురావాలి." కళ్లు తుడుచుకున్నాడు. "మీ చేతి పులుసు తిని బతికినోణ్ణి. అందుకే రెండు ఉండలు ఎక్కువే కుక్కుకున్నా."

బుట్ట జారింది.

కొండ చెంప పొడుగునా పెరతేనె పట్టులు బంగారు గంటల్లా వేలాడుతున్నాయి. రాతి నెరెల్లో విరగబూసిన కొండగోగులు గాలికి ఊగి రేకులు దులుపుతున్నాయి. లోతున ముళ్లడవి ఆకుపచ్చటి మడుగులా నిశ్చలంగా ఉంది. చూడటానికి ఎంతో బాగుంది. కొలువులో ఉండగా ఒక్కనాడూ చూసే తీరిక దొరకలేదు.

సగం దూరంలో, ఎడమ పక్కన, రాతిలో ఒక నల్లటి రంధ్రం ఆమె కంటబడింది. అందులోంచి తెల్లగా గంజి ధార కారుతోంది. పెద్ద వంటశాల కుడితి తూము.

బుట్ట నేలకు తగిలింది. కుందమాంబ దిగింది. తాడు వదులు కావడం చూసి పైన భటులు గిలక తిప్పడం మొదలుపెట్టారు. బుట్ట మూరెడు లేచింది. ఆమె చుట్టూ ఒకసారి చూసి, కొంగు బిగించి, కొబ్బరికాయను ఒడిలో దోపుకుని, బుట్ట అడుగు వెదుళ్లను రెండు చేతులా పట్టుకుంది.

పైన ఇద్దరు మగవాళ్లు చెమటలు కక్కుతూ ఆమెను మళ్లీ ఊళ్లోకి లాగసాగారు. ఖాళీ బుట్ట ఇంత బరువేమిట్రా అని పోలయ రెండోవాణ్ణి అడిగాడు. వాడి చెవుల్లోనూ మైనమే.

నూరు బారలు పైకి వచ్చేసరికి కొండ నెరెలోంచి ఒక గండుగద్ద లేచింది. రెక్క చాస్తే ఇంటి చూరంత ఉంది. గూళ్లో పిల్లలున్న గద్ద అది. గిర్రున ఒక చుట్టు తిరిగి, రెక్కలు ముడిచి, బాణంలా ఆమె మీదికి దిగింది. గోళ్లు భుజం చీల్చాయి. కుందమాంబ ఒక చేతిని వదిలి, ఒంటిచేత వేలాడుతూ, కొబ్బరికాయ తీసి ముక్కు మీద ఒక్కటిచ్చింది. కాయ పగిలింది. ముక్కు కూడా. గద్ద కీచుమంటూ పక్కకు ఒరిగిపోయింది.

తూము ఎదురుకు వచ్చింది. ఆమె కాళ్లు ఊపి, ఊపి, ఊయల ఎత్తుకు వచ్చినప్పుడు చేతులు వదిలేసింది. మోకాళ్ల మీద గంజిలో పడింది. పైన బుట్ట ఒక్కసారిగా తేలికై, భటులిద్దరూ వెల్లకిలా పడ్డ చప్పుడు లోపలిదాకా వినిపించింది.

తూములో చీకటి. జారుడు. పాతికేళ్ల మెతుకుల వాసన. పది బారలు పాకిందో లేదో ఎదురుగా చీకట్లో రెండు కాడలు లేచాయి. కాడల చివర రెండు కళ్లు. వంటశాల మిగుళ్లు తిని బండి చక్రమంత పెరిగిన పీత అది. డెక్కలు టకటకమనిపిస్తూ దారికి అడ్డంగా జరిగింది. ఒక డెక్క చాచి ఆమె కొంగు చివర తెగ్గొట్టింది. రెండో డెక్క గొంతు వైపు లేచింది.

కుందమాంబ భుజాన ఉన్న శాలువా లాగి ఆ కళ్ల మీదికి విసిరింది. పీత కాసేపు ఆగి, ఏం జరిగిందో తెలియక, శాలువాను ముక్కలు ముక్కలుగా కత్తిరించడంలో పడింది. ఆమె దాని వీపు మీద నుంచే పాకి అవతలికి దూకింది. నీలగోపురం చరిత్రలో సన్మానపు శాలువా ఒకరి ప్రాణం కాపాడటం అదే మొదలు.

*

తూము అంట్లు తోమే పెరట్లోకి తేలింది. దండెం మీద ప్రధాని కచేరీ ఉద్యోగుల ఆకుపచ్చ నిలువుటంగీలు ఆరేసి ఉన్నాయి. కుందమాంబ ఒకటి తొడుక్కుంది, తలపాగా చుట్టింది, బోర్లించిన గిన్నె అడుగున వేలు రాసి మీసం దిద్దుకుంది. ఒంటి నిండా గంజి, భుజం మీద నెత్తురు. ఆ రెండూ కప్పేలా ఉత్తరీయం నిండుగా వేసుకుని, గడ్డం పైకెత్తి వంటశాలలోకి నడిచింది. గడ్డం పైకెత్తిన వాళ్లను ఆ కోటలో ఎవరూ ఆపరు.

లోపల ముగ్గురు అధ్యక్షులు మూడు పీటల మీద కూర్చుని వాదులాడుకుంటున్నారు.

"అన్నం నాది, సరే. అన్నం మీద పులుసు పోస్తే అది ఎవరిది?" అంటున్నాడు అన్నాధ్యక్షుడు.

"పోసేదాకా నాది. పోశాక నేనెందుకు పట్టించుకుంటాను?" అన్నాడు వ్యంజనాధ్యక్షుడు.

"రెండూ పడేది నా ఆకులో. కనక నన్నడక్కుండా ఎవరూ ఏమీ పోయొద్దు," అన్నాడు విస్తరాధ్యక్షుడు. అప్పుడే గుమ్మంలో ఆకుపచ్చ అంగీని చూసి లేచి నిలబడ్డాడు. "తమరు?"

"సమన్వయాధ్యక్షుణ్ణి," అంది కుందమాంబ గొంతు బొంగురు చేసి. "మీ ముగ్గురినీ కలపడానికి ఇప్పుడే వేశారు."

ముగ్గురి మొహాల్లోనూ ఒకే విధమైన గౌరవం కనిపించింది. నాలుగో పీట వేశారు. గోడ దగ్గర చెంగమ్మ మీసం వైపు ఒకసారి, నడక వైపు ఒకసారి చూసి, జల్లెడ కింద పెట్టి, గబగబా మళ్లీ ఎత్తుకుంది.

"వడ్డించే పిల్ల ఏదీ?"

"ఇప్పుడే దిగింది," అన్నాడు అన్నాధ్యక్షుడు. "భేరి మోగే దాకా ఉంచుదామనుకున్నాం. పాత పద్ధతి ఎందుకని కొంచెం ముందే పంపించాం."

నాలుగో పీట ఖాళీగానే మిగిలింది.

మెట్లు. నూట ఎనిమిది. కుందమాంబకు ప్రతి మెట్టూ తెలుసు: పదిహేడవది కదులుతుంది, నలభై రెండవది తడి, డెబ్బయ్యవ దాని మీద గబ్బిలాలు. మూడేసి మెట్లు దూకుతూ దిగింది. తలపాగా ఊడింది. వెనక నుంచి "అయ్యా, సమన్వయం గారూ" అని ముగ్గురి పిలుపులు, ముగ్గురి అడుగులు.

గుహ కప్పు నుంచి స్ఫటికాలు లక్ష దీపాల గుత్తుల్లా వేలాడుతున్నాయి. గోడల నిండా రాగి చారలు, ఆకుపచ్చ చారలు, నెత్తుటి రంగు చారలు. నడుమ కొండమీద కొండలా గుహోదరుడు. మోకాళ్ల మీద నాచు, గడ్డంలో పిచ్చుకల గూళ్లు, ఒక్కొక్క కంట్లో ఒక్కొక్క పొయ్యి. వాడి ఎదుట నూట ఎనిమిది అరిటాకులు కలిపి కుట్టిన విస్తరి, గిలకల మీద దిగిన అన్నపు రాశి, రాశి మీద పులుసు.

లవంగి పక్కకు తప్పుకుని, మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

రాక్షసుడు ఆమెనే చూస్తున్నాడు. ఎదురు చూశాడు. ఇంకాస్త ఎదురు చూశాడు. తరువాత ఆ కళ్లలో చాలా పాత సంగతి ఏదో కదిలింది. తాటిమాను లాంటి చెయ్యి లేచింది. గొలుసులు దారప్పోగుల్లా తెగి రాలాయి. వేళ్లు పిల్ల నడుము చుట్టూ మూసుకున్నాయి.

కుందమాంబ ఆఖరి ఎనిమిది మెట్లూ ఒకే దూకులో దాటింది. తడిరాతి మీద మోకాళ్లతో జారుతూ విస్తరి అంచుకు తగిలింది. చేతికి అందినంత ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. నోరు తెరిచి చూపించింది.

"తిన్నాను నాయనా," అంది. "ఇక నువ్వు కానియ్యి."

గుహలో ఒక్క క్షణం ఆవిరి ఆగింది. తరువాత వేళ్లు నెమ్మదిగా విచ్చుకున్నాయి. లవంగి నేల మీద పడి ఊపిరి కోసం ఎగపోసింది.

"ముద్ద ఆలస్యమైంది," అన్నాడు గుహోదరుడు. "మీసం ఏమిటి?"

"కోటలో మార్పులు చేస్తున్నారు నాయనా."

ఆమె లవంగిని లేవదీసింది. "చూశావుగా పిల్లా. ముందు నువ్వు తినాలి. ఇదే ఆకులోంచి, ఆయన చూస్తుండగా. విషం లేదని తెలియాలి. అంతే."

"అంతేనా?" అంది లవంగి దగ్గుతూ.

"అంతే."

"ఇరవై రెండేళ్లూ ఇంతేనా పెద్దమ్మా?"

గద్ద చీల్చిన భుజం అప్పుడు నొప్పి పుట్టింది.

మెట్ల మలుపులో మూడు తలలు కనిపించాయి. వాటి వెనక ఈటెల మొనలు. లవంగి అటు చూసింది, తరువాత కుందమాంబ పెదవి మీద గంజిలో కరిగిపోతున్న మీసాన్ని చూసింది.

"నీ మాట నేను విన్నానని తెలిస్తే నాకూ కుండ తెస్తారు," అంది గొంతు తగ్గించి.

"వినలేదని చెప్పు."

"వినకపోతే ఎలా బతికానని అడుగుతారు. నాకు నేనే కనిపెట్టానని చెప్పాలి." నలిగిన పైట సర్దుకుంది. "నువ్విక్కడ ఉండగా ఆ మాట ఎలా చెప్పను పెద్దమ్మా?"

ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నీళ్లతోనే వెనక్కి తిరిగి, మెట్ల వైపు, పప్పులోకి చింతపండు తెమ్మని పురమాయించే గొంతుతో అంది. "భటులూ, పేరు మూసినావిడ దొంగతనంగా దిగింది. ఇక్కడే ఉంది."

ఈటెలు దడదడమంటూ మెట్లు దిగసాగాయి.

కుందమాంబ రాక్షసుడి వైపు చూసింది. ఇరవై రెండేళ్లలో వాణ్ణి ఒక్క సాయం కూడా అడగలేదు. అడుగుదామని నోరు తెరిచింది. అంతలో లవంగి విస్తరి ముందు మోకరించి, చిన్న ముద్ద తీసుకుని, వాడి కళ్లలోకి చూస్తూ తింది. నోరు తెరిచి చూపించింది. మంచి పనిమంతురాలు, కుందమాంబ తర్ఫీదు.

గుహోదరుడు ఒకరి తరువాత ఒకరిని చూశాడు. ఆలోచించాడో లేదో తెలియదు. ఆకలి మండుతోంది. తల దించి, విస్తరిని తన వైపుకు లాక్కుని తినసాగాడు. తొమ్మిది గోపురాల మీదికి ఆవిరి మళ్లీ లేచింది.

మొదటి ఈటె కుందమాంబ చెవి పక్క నుంచి పోయి రాతికి తగిలి నిప్పులు రాల్చింది. రెండోది ఆకుపచ్చ అంగీ అంచును గోడకు గుచ్చింది. ఆమె అంగీని అక్కడే వదిలేసి రాక్షసుడి వీపు వెనక్కి పరుగెత్తింది. అక్కడ రాతిలో నిలువునా ఒక బిలం ఉంది. దాని అడుగున కొండను తొలుచుకుంటూ ఒక నల్లటి ఏరు ఉత్తరానికి, పొగకోట వైపు పారుతుంది. అందులోకి దిగిన వాళ్లెవరూ తిరిగొచ్చి దాని సంగతి చెప్పలేదు.

మూడో ఈటె రాకముందే దూకేసింది.

పడుతూ ఉండగా పై నుంచి లవంగి గొంతు వినిపించింది. స్పష్టంగా, కొంచెం భయంగా, కొంచెం అధికారంగా.

"ఉప్పు సరిపోయిందా నాయనా?"

జవాబు వినాలని కుందమాంబ ఊపిరి బిగబట్టింది. అంతలోనే చల్లటి నీళ్లు తల మీద మూసుకున్నాయి. ఆ నీళ్ల అడుగున, పొగలా మెత్తగా ఉన్న వేళ్లు అయిదు, ఆమె చీలమండను పట్టుకున్నాయి.